డీ-డేకి కొత్త అర్థాలు

సంపాదకుడు గారికి,

రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 6న మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన దాడిపై, ఈ జూన్ 6న మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో డీ-డే అంటే ‘డెలివరెన్స్ డే’, విముక్తి దినం అని రాశారు. సవరణ వేస్తారేమోనని చూస్తుంటే, ఆదివారం క్విజ్‌లో అదే ప్రశ్న, అదే జవాబు!

డీ అంటే డే, అంతే. దాడి మొదలయ్యే గంటను హెచ్-అవర్ అంటారు, అందులో హెచ్ అంటే అవర్ అయినట్టే. దాడి తేదీ ఖరారు కానప్పుడు, ఖరారైనా బయటికి పొక్కకూడదనుకున్నప్పుడు సైనిక ఉత్తర్వుల్లో వాడే గుర్తు అది. నార్మండీ కోసం పుట్టిందీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918 సెప్టెంబర్ 7న, ఫ్రాన్స్‌లోని సాన్ మియెల్ మీద దాడికి అమెరికా ఫస్ట్ ఆర్మీ ఇచ్చిన ఉత్తర్వులోనే ఉంది. ఇటలీ దీవి సిసిలీ మీద దాడికి డీ-డే 1943 జూలై 10. ఫిలిప్పీన్స్‌లోని లేటే దీవి మీద దాడికి ఏ-డే అన్నారు, జపాన్ దీవి ఒకినావాకు ఎల్-డే. వాటికీ ఏదో ఒక విముక్తి వెతికి పెడతారా?

ఆ గుర్తుతో పనేమిటో నార్మండీలోనే తేలింది. మొదట అనుకున్నది జూన్ 5. తుపాను గాలులున్నాయని వాతావరణ అధికారి స్టాగ్ చెబితే మిత్రరాజ్యాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ ఒక రోజు వాయిదా వేశాడు. ఓడల్లోకి సరుకు ఎక్కించడం డీ-మైనస్ (డీ-డేకి ఇన్ని రోజుల ముందు) లెక్కలో, ఒడ్డుకు పెట్రోలు, మందుగుండు చేర్చడం డీ-ప్లస్ (ఇన్ని రోజుల తర్వాత) లెక్కలో రాసుకున్నారు కాబట్టి ప్రతి కాగితం మీదా తేదీలు కొట్టేసి రాయాల్సిన పని పడలేదు.

సేనలు ‘ఐదు తీరాల్లోనూ ఒకేసారి’ దిగాయని మీ వ్యాసంలో అన్నదీ తప్పే. ఒడ్డున జర్మన్లు పాతిన అడ్డంకులు కనబడాలంటే నీళ్లు తక్కువగా ఉండి, అప్పుడే పోటెక్కుతూ ఉండాలి. అక్కడ పోటు పడమటి నుంచి తూర్పుకు వస్తుంది. అందుకే, ఆ తీరాలకు పెట్టిన రహస్య పేర్లలో చెప్పాలంటే, యూటా, ఒమాహాలకు ఉదయం 6.30, గోల్డ్, స్వోర్డ్‌లకు 7.25. ఐదోదైన జూనో ముందు రాళ్లున్నాయి, పడవలు వాటి మీదుగా వెళ్లేంత నీరు రావాలి కనుక ఇంకా ఆలస్యం. ఆ జూనోలో దిగింది కెనడా వాళ్లు. మీరు దాన్నీ అమెరికా ఖాతాలో వేసేశారు.

ఓట్ల లెక్కింపు వస్తే ‘నేడే డీ-డే’ అని పతాక శీర్షిక పెడతారు, అదైనా పోనీ. కానీ పోటీ పరీక్షల పిల్లలు మీ పేజీలు కత్తిరించి దాచుకుంటారు. ఏ గైడు చూసినా ఇలాంటి అర్థాలే, వాటిని దించేసేవాళ్లే ప్రశ్నలు తయారుచేస్తే ‘కీ’ మీద అభ్యంతరం చెప్పుకోవాల్సింది మళ్లీ ఆ పిల్లలే. ఆధారం వాళ్లే చూపాలి, కొన్నిచోట్ల రుసుమూ వాళ్లే కట్టాలి. తప్పు రాసినవాడికి మాత్రం ఏ రుసుమూ లేదు.

సవరణ వేసేటట్లయితే టెండరు నోటీసుల కింద భూతద్దం పెట్టి చూసే అక్షరాల్లో కాకుండా, ఆ క్విజ్ వచ్చిన పేజీలోనే వేయండి.

- ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం