తలుపు దగ్గరి కెమెరా ఆపేశాను, ఎందుకో మీకు చెప్పాలి

ఏళ్లుగా మన షాపుకు వస్తున్న అందరికీ,

పోయిన శుక్రవారం సాయంత్రం నుంచి ముఖాలు గుర్తుపట్టే కెమెరాను ఆపేశాం. అసలు అలాంటిది పెట్టామనే మీలో చాలామందికి తెలియదు. నేను చెప్పలేదు కాబట్టి తెలియదు. సీసీ కెమెరాలు ఎప్పటినుంచో ఉన్నాయి కదా, ఇదీ అలాంటిదేలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ రెండూ ఒకటి కావు. సీసీ కెమెరా రికార్డు చేసి పెడుతుంది, ఏదైనా జరిగితే వెనక్కి వెళ్లి చూసుకుంటాం. ఇదైతే తలుపు దాటిన ప్రతి మనిషి ముఖాన్నీ కొలిచి, అంకెలుగా మార్చి, పాత దొంగల లిస్టుతో పోల్చి చూస్తుంది. పిల్లాణ్ని ఎత్తుకుని వచ్చినా, ఒక్క సబ్బు కోసం వచ్చినా మీ ముఖమూ ఆ లెక్కలోకి వెళ్లింది. తలుపు దగ్గర బోర్డు పెట్టి చెప్పాల్సిన విషయం. పెట్టలేదు. ఆ తప్పు పూర్తిగా నాది.

ఎందుకు పెట్టానో కూడా చెప్పాలి, లేకపోతే నాకు అన్యాయం జరుగుతుంది. ఏడాదిగా స్టాక్ లెక్క తేలడం లేదు. పసిపిల్లల పాలపొడి డబ్బాలు, రేజర్ బ్లేడ్లు, ఖరీదైన క్రీములు. చిన్నగా ఉండి, బయట సులువుగా అమ్ముడుపోయేవే పోతున్నాయి. చేసేది పదిమందీ కాదు, మళ్లీ మళ్లీ వచ్చే నలుగురైదుగురు. రెండుసార్లు దొరికిన మనిషే మూడోసారి వచ్చాడు. అడ్డుకున్న మా కుర్రాణ్ని తోసేస్తే సరుకు పెట్టే అర అంచు తగిలి మోచేతికి ఆరు కుట్లు పడ్డాయి. ఆ రోజు నాకు కడుపు మండిపోయింది. వారం తిరక్కుండా ఆ కెమెరా ఆర్డర్ ఇచ్చాను.

ఇక శుక్రవారం సంగతి. మీలో చాలామందికి తెలిసిన పెద్దావిడే, పేరు రాయను. షాపు తెరిచిన మొదటి నెల నుంచీ వస్తున్నారు. నేను వెనక గోడౌన్‌లో సరుకు దింపించుకుంటుంటే ముందు నుంచి గొంతులు వినిపించాయి. వచ్చి చూసేసరికి ఆవిడ సంచి కౌంటర్ మీద బోర్లించి ఉంది. కళ్లజోడు పెట్టె, సగం వాడిన మాత్రల స్ట్రిప్, చేతిరుమాలు, రబ్బరు బ్యాండు వేసిన పాత బిల్లుల కట్ట. అన్నీ మన షాపు బిల్లులే. ఒక్కొక్కటీ తీసి మళ్లీ సంచిలో పెట్టుకుంటున్నారు, చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి ఒకే మాట అడిగారు: "నేనేం తీశానయ్యా?"

కొనడానికి తెచ్చుకున్న సామాన్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు.

సంచి బోర్లించింది ఆ కుట్లు పడ్డ కుర్రాడే. వాణ్ని మీరెవరూ ఏమీ అనొద్దు. ఫోన్ మోగింది, తెర మీద ఎర్ర అక్షరాలతో అలర్ట్, పక్కపక్కనే రెండు ఫొటోలు. ఒకసారి దెబ్బ తిన్నవాడు భయపడకుండా ఎలా ఉంటాడు? అలర్ట్ వస్తే ఏం చేయాలో వాడికి నేర్పించాల్సింది నేను.

కెమెరా పెట్టిన కంపెనీ మనిషికి అప్పటికప్పుడే ఫోన్ చేశాను. జరిగింది చెప్పగానే అతను అడిగిన మొదటి ప్రశ్న, "స్కోరు ఎంత వచ్చింది సార్?" రెండు ముఖాలు ఎంతగా పోలుతున్నాయో కెమెరా వేసే అంకె అది. 71 అన్నాను. "అది పాజిబుల్ మ్యాచే సార్, కన్ఫర్మ్ కాదు. మీ స్టాఫ్ వెరిఫై చేసుకోవాలి" అన్నాడు. ఆ మాట అమ్మేటప్పుడు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మాన్యువల్‌లో ఉందన్నాడు. స్కోరు ఎంత దాటితే అలర్ట్ రావాలో చెప్పే గీతను 70 దగ్గర పెట్టింది ఎవరు? వాళ్ల టెక్నీషియనే. ఎందుకంత కిందికి పెట్టారంటే, గీత పైకి పెడితే అలర్ట్‌లు రావట, రాకపోతే కెమెరా పనిచేయడం లేదని షాపుల వాళ్లు గొడవ చేస్తారట. ఎద్దు పుండు కాకికి నొప్పా అన్నట్టు మాట్లాడాడు.

అంతకంటే పెద్ద విషయం ఆ రాత్రి బయటపడింది. లిస్టు తెరిచి చూశాను. మేం ఎక్కించినవి 14 ముఖాలు. అందులో ఉన్నవి 300 పైనే! మిగతావన్నీ అదే కంపెనీ కెమెరాలు పెట్టుకున్న వేరే షాపులవి. మా 14 కూడా వాళ్లకు వెళ్లాయి. ఒప్పందంలో ఎక్కడో ఒక వాక్యం ఉంది, దాని కింద నా సంతకం ఉంది. పెద్దావిడను పోల్చింది మేం ఎన్నడూ చూడని ఒక మనిషి ఫొటోతో. పైనున్న కెమెరాలోంచి తీసిన మసక ఫొటో, చెంప సగం నీడలో ఉంది. ఇన్నేళ్లుగా ఎదురుగా చూస్తున్న మనిషిని, ఆ మసక ఫొటోను నమ్మి నా షాపులోనే దొంగను చేశాం.

పెట్టించేముందు చదవాల్సినవన్నీ ఆ రాత్రి కూర్చుని చదివాను. అమెరికాలో రైట్ ఎయిడ్ అనే మందుల షాపుల గొలుసు ఇదే పని చేసి, ఐదేళ్లపాటు ముఖాలు గుర్తుపట్టే టెక్నాలజీ వాడకూడదనే షరతుకు 2023 డిసెంబరులో ఒప్పుకోవాల్సి వచ్చింది. అక్కడా మసక ఫొటోలే. తప్పు అలర్ట్ నమ్మి 11 ఏళ్ల పాపను ఆపి సోదా చేశారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాసింది. 2019లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ నిస్ట్ 189 అల్గారిథమ్‌లను పరీక్షించింది. ఒకరిని మరొకరుగా పొరబడడం ఆడవాళ్ల విషయంలో, వయసు పైబడినవాళ్ల విషయంలో ఎక్కువగా ఉందని తేలింది. అది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

"99 శాతం కరెక్ట్" అని చెప్పే నాకు అమ్మారు. లెక్క వేసి చూడండి. రోజుకు వెయ్యిమంది వస్తే, నూటికి ఒక్కటి తప్పినా పదిమంది. రోజూ పదిమందిని అనుమానంగా చూసే షాపు నడపడానికా నేను ఇన్నేళ్లు కష్టపడింది?

అయినా శాశ్వతంగా ఆపేయాలని తేల్చుకోవడం అంత తేలిగ్గా జరగలేదు. ఆ కుర్రాడే వచ్చి, "ఉంచండన్నా, వాడు మళ్లీ వస్తే?" అన్నాడు. వాడి మోచెయ్యి చూస్తూ కాదనడం నాకు చాలా కష్టమైంది. పైగా ఇది పనికిరాని వస్తువు అని చెబితే అబద్ధం అవుతుంది. న్యూజీలాండ్‌లో 2024లో 25 సూపర్‌మార్కెట్లలో దీన్ని పెట్టి చూశారు. తీవ్రమైన ఘటనలు 16 శాతం తగ్గాయని లెక్క తేలింది. అక్కడా ఒక మహిళను పొరపాటుగా దొంగ అనుకున్నారు. తర్వాత గీతను 90 నుంచి 92.5కు పెంచారు. కంపెనీ కంపెనీకీ స్కోరు లెక్క వేరు కాబట్టి మా 70తో సరిగ్గా పోల్చలేం. కానీ వాళ్లు తీసుకున్న జాగ్రత్తలు వేరు. లిస్టు ఏ షాపుదా షాపుదే. అందులో లేనివాళ్ల ముఖాలు దాదాపు అన్నీ నిమిషంలోపే చెరిగిపోయేవి. శిక్షణ పొందిన ఇద్దరు స్టాఫ్ చూసి అవునంటేనే కదిలేవారు.

నేను ఆగిపోయింది ఆ ఇద్దరి దగ్గరే. ప్రతి షిఫ్టులో అలాంటి ఇద్దరిని తలుపు దగ్గర నిలబెట్టే స్థోమత నాకు లేదు. మూడు రోజులు జీతాల పుస్తకం ముందేసుకుని చూశాను, కుదరలేదు. కుదరనప్పుడు దాన్ని నడిపే హక్కు నాకు లేదు. ఆ కెమెరాకు ఆరు నెలల అద్దె ముందే కట్టాను, అది పోతే పోయింది.

పోయే సరుకును ఇప్పుడు బిల్లింగ్ కౌంటర్ వెనక అరల్లో పెట్టాం, కావాలంటే అడగండి. సీసీ కెమెరాలు మామూలుగానే ఉంటాయి. సాయంత్రాలు తలుపు దగ్గర నేనే ఉంటాను. ఎవరి సంచీ ఇక మావాళ్లు ముట్టుకోరు. మావాణ్ని తోసినవాడి మీద కేసు పెట్టాను, దాన్ని వెనక్కి తీసుకోను. ఎవరు ఎంత చెప్పినా సరే.

మీ ముఖాల డేటా అంతా చెరిపేశామని కంపెనీ ఫోన్‌లో చెప్పింది. నోటి మాట నాకు చాలదు, రాసి సంతకం చేసి ఇవ్వమన్నాను. ఇంకా ఇవ్వలేదు. వచ్చిన రోజున ఆ కాగితాన్ని తలుపుకే అంటిస్తాను.

పెద్దావిడ వెళ్లాక చూస్తే ఆ బిల్లుల కట్ట కౌంటర్ మీదే ఉంది. మర్నాడు పొద్దున నేనూ ఆ కుర్రాడూ కలిసి వాళ్లింటికి తీసుకెళ్లాం. వాడు క్షమించమని అడిగాడు, నేనూ అడిగాను. ఆవిడ గుమ్మం దగ్గరే నిలబడి కట్ట అందుకున్నారు, వాడి మోచేతి కట్టు చూసి "తగ్గిందా?" అని అడిగారు. షాపుకు వస్తారా అని నేను అడగలేకపోయాను.