ఆవుల బేరానికి ముందు

కళ్యాణదుర్గం

మామా,

నీ ఉత్తరం అందింది. బెంగళూరు ఉద్యోగం వదిలేసి ఊళ్లో డెయిరీ పెడతానని రాశావు, చాలా సంతోషమేసింది. కానీ “పూటకు పది లీటర్లిచ్చే ఆవులు, బేరం దాదాపు కుదిరింది” అన్నావు చూడు, అక్కడ నాకు టెన్షన్ పట్టుకుంది. నువ్వు అడ్వాన్స్ ఇవ్వకముందే ఈ ఉత్తరం చేరాలి.

పూటకు పది లీటర్లనేది ఈనిన కొత్తలో మాట. నెలా రెండు నెలలకు పాలు బాగా పెరిగి, తర్వాత నెలనెలా తగ్గుతూ వస్తాయి. బేరంలో చెప్పేది ఆ పెరిగినప్పటి లెక్క. మేపాల్సింది మాత్రం ఏడాది పొడుగునా. అందుకే ఏ ఆవునైనా చూడబోతే నేను ముందు అడిగేది ఒకటే, ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని రోజులు?

ఒక ఆవు ఈతకు 3,000 లీటర్లిచ్చి, మళ్లీ ఈనడానికి 540 రోజులు తీసుకుందనుకో. రోజుకు అయిదున్నర లీటర్లు పడినట్టు. ఇంకోటి 2,700 లీటర్లే ఇచ్చింది, కానీ 400 రోజులకే ఈనింది. రోజుకు 6.75 లీటర్లు! దూడ కూడా ముందే చేతికొచ్చింది. ఆవు చూలు దాదాపు 280 రోజులు కాబట్టి, ఈనిన నాలుగు నెలల్లోపు చూలు కడితేనే 13 నెలలకు మళ్లీ ఈత. ఎద 21 రోజులకోసారి వస్తుంది. ఒక్కసారి కనిపెట్టలేకపోయామా, ఇంకో 21 రోజుల మేతా దాణా చాకిరీ అన్నీ మన నెత్తినే. ఎద లక్షణాలు రాత్రిపూట, తెల్లవారుజామునే ఎక్కువ కనబడతాయి, దాన్ని జీతగాడి మీద వదిలేయకు. ఎనుములైతే మరీ కష్టం, ఎండాకాలంలో అరవకుండానే ఎదకొచ్చి పోతాయి.

మా పక్కింటి పిన్ని కొట్టంలో గోడకు ఒక క్యాలెండర్ వేలాడుతుంటుంది. ఒక్కో ఆవుకు ఒక్కో రంగు పెన్సిల్. ఈనిన రోజుకు సున్నా, ఎదకొచ్చిన రోజుకు గీత, చూలు కట్టడానికి సూది వేయించిన రోజుకు ఇంటూ. ఇంటూ పడిన మూడు వారాలకు మళ్లీ గీత పడిందంటే సూది నిలవలేదన్నమాట. ఏ ఆవు ఇల్లు నడుపుతోందో, ఏది ఊరికే తింటోందో ఆ గోడ చూసి నిమిషంలో చెప్పేస్తుంది. నువ్వు కంప్యూటర్లో తర్వాత ఏం చేసినా సరే, ముందు ఆ క్యాలెండర్ కట్టు.

లీటర్లను లీటర్లతో పోల్చొద్దు. డబ్బులిచ్చేది వెన్న, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక పాలలో ఉండే గట్టి పదార్థం) చూసి. ఏ పాలనైనా నాలుగు శాతం వెన్నున్న పాల లెక్కకు మార్చి పోల్చే సూత్రం ఒకటుంది: పాల కిలోలను 0.4తో, అందులోని వెన్న కిలోలను 15తో హెచ్చించి రెండూ కూడాలి. ఏడు శాతం వెన్నతో ఎనుమిచ్చే 6 కిలోలు 8.7 అవుతాయి. మూడున్నర శాతం వెన్నతో ఆవిచ్చే 9 కిలోలు 8.3 దగ్గరే ఆగుతాయి. నాకు ఎనుములంటే ఇష్టమని చెప్పడం లేదు, లెక్కే అలా ఉంది.

పాల ఖర్చులో సగానికి పైన మేతా దాణాలదే. ఒళ్లు నిలబెట్టుకోవడానికి ఇచ్చేది కాక, ఆవుకైతే రెండున్నర లీటర్ల పాలకు కిలో దాణా చొప్పున పెట్టాలి. పాలు తగ్గేకొద్దీ దాణా కూడా తగ్గించాలి. ఇంట్లో పండిన వేరుశనగ కట్టెకు ఖర్చు లేదనుకోవద్దు, అమ్మితే ఎంతొచ్చేదో అదే దాని ధర. మన జిల్లాలో వాన ముఖం చాటేసిన ఏడు కట్టె ధర ఎలా ఎక్కుతుందో నీకు తెలియంది కాదు. చెల్లెమ్మ పేడ తీసేదానికీ, పాలు పిండేదానికీ కూలి కట్టు. పంటల మద్దతు ధరకు ఖర్చు లెక్కేసేటప్పుడు కూడా ఇంటి మనుషుల కష్టాన్ని కలుపుతారు. అది రాయకుండా మిగిలిందంతా లాభమనుకుంటే ఆమె కష్టాన్ని మనం తిన్నట్టే.

ఇంకొక మాట. మీ నాయన గొర్రెల మందను అమ్మి ఆ డబ్బు ఆవుల మీద పెడతానన్నావు. అది మాత్రం వద్దురా! గొర్రె చూలు అయిదు నెలలే, బాగా చూసుకుంటే రెండేళ్లలో మూడు ఈతలు తీయొచ్చు. మందలో ఎన్ని తలలున్నాయన్నది పక్కన పెట్టి, ఏడాదిలో ఒక్కో తల్లి మీద ఎన్ని కిలోల పిల్లలు అమ్ముడుపోయాయో చూడు. ఎరువు కోసం పొలాల్లో మంద కట్టినందుకు రైతులిచ్చే డబ్బూ గింజలూ దానికి కలుపు. ఉన్నట్టుండి చంపే చిటుకు రోగానికి, పిపిఆర్ అనే అంటురోగానికి టీకాలు వేయించి పిల్లల చావులు తగ్గిస్తే ఆ లెక్క ఇంకా పైకి పోతుంది. కొనే మేత దాదాపు లేకుండా నడిచే ఆదాయం అది, దాన్ని చెడగొట్టుకోవద్దు.

ఆ ఆవుల గత రెండు ఈతల తేదీలు, చివరి సూది తేదీ అడిగి రాయి. చూలుదని చెబితే పశువుల డాక్టరుతో పరీక్ష చేయించాకే డబ్బు కట్టు. ముందు పూట పిండకుండా ఆపి, ఎక్కువ పాలు చూపించేవాళ్లు ఉంటారు. కాబట్టి వరుసగా మూడు పూటలు దగ్గరుండి పిండించి కొలవాలి. నేనూ వస్తా, రాత్రికి అక్కడే పడుకుందాం. ఏ రోజో ఫోన్ చెయ్.

నీ
మామ