ఆదివారం బొగ్గు గని ట్రిప్: పూర్తిగా చదవండి

అందరికీ నమస్తే. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గని ట్రిప్ ఖాయమైంది. ఈ ఆదివారమే.

బస్సు ఉదయం 5:30కి విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బయలుదేరుతుంది. 5:15కల్లా వచ్చేయండి. పోయినసారిలా "రెండు నిమిషాల్లో ఉంటా" అంటే ఈసారి ఆగం.

దారిలో ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ దగ్గర పది నిమిషాలు ఆగి, బొగ్గు కాలాక బూడిద ఎటు పోతుందో మాట్లాడుకుందాం. తర్వాత మైలవరం, తిరువూరు మీదుగా సత్తుపల్లి.

ఓపెన్‌కాస్ట్ అంటే సొరంగం కాదు. బొగ్గు పొర మీదున్న మట్టి, రాయి మొత్తం పేల్చి, తవ్వి, పక్కన గుట్టలుగా పోస్తారు. సారమున్న పైమట్టి ఆ గుట్ట అడుగున పడిపోతే మళ్లీ మొక్క లేవడం కష్టం. గోతిలో ఊరే నీళ్లు తోడుతూనే ఉండాలి, దాంతో చుట్టుపక్కల బావుల్లో మట్టం తగ్గొచ్చు. అందుకే ఒక్కో జట్టు పది ఇళ్లకు వెళ్లి బావి, బోరు లోతులు అడిగి రాసుకోవాలి. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఫోన్లు జేబులోనే ఉండాలి, దయచేసి.

బూట్లు, ఐడీ కార్డు, మాస్క్, నీళ్ల సీసా, రెండు తెల్ల చేతిరుమాళ్లు తెచ్చుకోండి. ఒక రుమాలుతో శనివారం మీ ఇంటి ముందు వేపాకు తుడవండి, రెండోదానితో ఆదివారం గని దగ్గర రోడ్డు పక్క వేపాకు. ఏ రుమాలుకు ఎంత దుమ్ము అంటిందో రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మధ్యాహ్నానికి పులిహోర, పెరుగన్నం. మనిషికి 350 రూపాయలు.

వచ్చేవాళ్లు శుక్రవారం రాత్రి 8 లోపు ఇక్కడే పేరు పెట్టండి. ఊరికే బొటనవేలు ఎమోజీ పెడితే లెక్కలోకి రాదు!