పిల్లల్ని చేర్చుకునే మనసు హెచ్ఎంకు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు శివార్లలోని సర్జాపుర, వర్తూరు చుట్టుపక్కల బిల్డింగ్ పనులకు అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుంచి వచ్చే కుటుంబాల పిల్లల గురించి ఈ ఉత్తరం. టీసీ రాలేదనో, పుట్టినతేదీ కాగితం లేదనో, అడ్మిషన్ల గడువు దాటిందనో ఏ పిల్లనీ వెనక్కి పంపకూడదని 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెబుతోంది. అయినా పంపేస్తున్నారు.

మా వీధి చివర షెడ్డులో ఉండే ఒకామె తన కూతుర్ని బడిలో చేర్చడానికి వెళ్తుంటే కన్నడ మాట్లాడటానికి నేనూ తోడు వెళ్ళాను. మొదటి బడిలో హెచ్ఎం తలెత్తి చూడకుండానే టీసీ తెమ్మన్నారు. దానికోసం ఊరికి పోతే కూలి పోతుంది, మేస్త్రీ ఊరుకోడు, ఇవేవీ ఆయన అడగలేదు. ఇంకో బడిలో హెచ్ఎం మేడం ముందు పాపనే పలకరించారు, వచ్చీరాని తెలుగులో తిన్నావా అని అడిగారు. సంచిలో ఉన్న తెలుగు వాచకం తీయించి ఒక పేజీ చదివించుకుని, మధ్యలో ఆపకుండా చివరిదాకా విన్నారు. "చదవడం వచ్చిన పిల్ల, మన లిపి కూడా దగ్గరదే కదా, పట్టేస్తుంది" అని క్లాసు టీచరుతో చెప్పి, తెలుగు మాట్లాడే ఇంకో పిల్ల పక్కన కూర్చోబెట్టారు. ఏమీ రాని పిల్ల అని ముద్ర పడాల్సిన పాప అలా చదువొచ్చిన పిల్లగా క్లాసులోకి వెళ్ళింది. రెండు బడులకూ ఒకటే చట్టం, ఒకటే సర్క్యులర్. తేడా అంతా కుర్చీలో ఉన్న మనిషిదే, ఆ మనిషి ఎలా మాట్లాడితే మిగతా టీచర్లూ అలాగే మాట్లాడతారు.

బడిలో మార్పు ఆర్డరుతో రాదనడానికి కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని నలి-కలి అనే బోధన పద్ధతే ఉదాహరణ. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీకి వెళ్ళి, అక్కడి పిల్లలు కార్డులతో ఎవరి వేగంలో వాళ్ళు నేర్చుకోవడం చూసి, దాన్ని తమ బడులకు తగ్గట్టు మలుచుకున్నారు. టీచర్లను నమ్మారు కాబట్టే అది నిలబడి తర్వాత రాష్ట్రమంతా వెళ్ళింది.

హెచ్ఎంల బాధ కూడా చెప్పాలి. భోజనం లెక్కలు, గుడ్ల లెక్కలు, ఫోన్లో ఎక్కించాల్సిన వివరాలు, వీటితోనే పొద్దుపోతుంటే పిల్లతో రెండు మాటలు మాట్లాడే తీరికేదీ? తనిఖీకి వచ్చే అధికారి రిజిస్టర్లు చూసి వెళ్ళిపోతే, హెచ్ఎం కూడా తల్లిదండ్రుల దగ్గర కాగితాలే చూస్తారు. 2020 జాతీయ విద్యావిధానం హెడ్మాస్టర్లకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలంది. ఆ విధానం మీద రాష్ట్రానికి ఎన్ని అభ్యంతరాలున్నా ఈ ఒక్క ముక్క తీసుకుని, అందులో కొంత సమయం వలస కుటుంబాలతో కూర్చుని మాట్లాడటానికి కేటాయించొచ్చు.

దసరా దాటాక ఊళ్ళ నుంచి కొత్త కుటుంబాలు వస్తాయి. ఈలోపే బీఈఓలు (బ్లాకు విద్యాధికారులు) ప్రతి బడిలో ఒక పుస్తకం పెట్టించి, చేర్చుకోకుండా పంపిన ప్రతి పిల్ల పేరు, కారణం అందులో రాయించాలని, నెలనెలా దాన్ని చూడాలని విద్యాశాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వర్తూరు, బెంగళూరు