కామో నది గట్టున దొరికిన ఉపాయం

నిషి కసాయి, టోక్యో
నవంబరు మొదటి ఆదివారం

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యం చేసినందుకు ముందుగా మన్నించు. మన రెండు జంటలూ, ప్రెసిడెంటు గారి జంటా, కాకినాడ బావ జంటా కలిసి జపానులో ఎలా తిరగాలని నువ్వు అడిగిన ప్రశ్నకు సరైన సమాధానం దొరికేదాకా కలం పట్టకూడదనుకున్నాను. అది పోయిన వారం క్యోటోలో దొరికింది. అప్పటినుంచి ఎప్పుడెప్పుడు నీతో చెబుదామా అని మనసు ఆగడం లేదు. ఇక్కడ అందరం క్షేమం. అబ్బాయి పరీక్షలు ముగిశాయి, నీ చెల్లెలి మోకాలి నొప్పి తగ్గింది, మా వీధి చివర మన సరుకుల దుకాణంలో గోంగూర మళ్లీ దొరుకుతోంది. మిగతా కబుర్లు మరోసారి రాస్తాను.

నువ్వు రాసిన మాట నాకు కంఠతా వచ్చేసింది: “నాలుగు జంటలం కలిసి తిరుగుదాం సరే, కానీ అరకు యాత్రలా కాకూడదు.” అరకులో ఏం జరిగిందో మనిద్దరికీ తెలుసు. మగవాళ్లం ఒక జీపులో ఎక్కాం, ఆడవాళ్లు మరొక జీపులో ఎక్కారు. బొర్రా గుహల్లో తీసిన అన్ని ఫొటోలలోనూ నువ్వూ చెల్లెమ్మా పక్కపక్కన ఉన్నది ఒక్కటి కూడా లేదు. (గొడుగు సంగతి నేను రాయను, నువ్వూ ఎత్తకు.) మన గుంపు ప్రయాణాలన్నీ అలాగే సాగాయి. అందరం కలిసి ఉన్నామన్న సంతోషంలో ఎవరి మనిషితో వాళ్లు పట్టుమని పది నిమిషాలు మాట్లాడుకున్నది లేదు. అలాగని ఎవరి దారి వారిదన్నట్టు తిరిగితే నలుగురం కలిసి రావడమెందుకని ప్రెసిడెంటు గారు అడుగుతారు. ఆయన అడగడం న్యాయమే. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చే దారి కోసమే నేనూ నీ చెల్లెలూ పోయిన శనివారం క్యోటో వెళ్లాం.

ఆ రోజు సంగతి మొదటినుంచీ చెప్పాలి. ఉదయం దెమాచియనగి స్టేషనులో ఏజాన్ రైలెక్కాం. ఊరు దాటాక అది చెట్ల కొమ్మలను దాదాపు రాసుకుంటూ కొండల్లోకి వెళుతుంది. కిబునేగుచిలో దిగి, వాగు పక్క రోడ్డు మీద అరగంట నడిస్తే కిఫునే దేవాలయం వస్తుంది. ఎర్రటి దీపస్తంభాలు రెండు వైపులా వరుసగా నిలిచిన మెట్లెక్కి వెళ్లాలి. అది నీటి దేవుడి గుడి. అక్కడ జోస్యం కాగితం కొంటే ఖాళీగా కనిపిస్తుంది. దాన్ని గుడి పక్కన పారే నీటిలో ఉంచగానే అక్షరాలు మెల్లగా తేలతాయి. నీ చెల్లెలు తన కాగితాన్ని నీటిలో ఉంచి, అక్షరాలు పూర్తిగా కనిపించేదాకా నా చెయ్యి వదలలేదు. అందులో ఏముందో నాకు ఇంతవరకూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అక్కడికి కాస్త ఎగువన ఇంకొక చిన్న గుడి ఉంది. ఇజుమి షికిబు అనే కవయిత్రి, సుమారు వెయ్యేళ్ల కిందట, భర్త మనసు తననుంచి మళ్లినప్పుడు ఆ కొండకు వచ్చి మొక్కుకుని, వాగు మీద ఎగిరే మిణుగురులను చూసి పద్యం చెప్పిందట. తరువాత వాళ్లిద్దరూ మళ్లీ కలిశారని చెబుతారు. అందుకే ఇప్పటికీ జంటలు అక్కడికి వస్తాయి. ఆ కథ వింటున్నంతసేపూ నాకు కాకినాడ బావే గుర్తొచ్చాడు. అమ్మగారు మంచాన పడిన ఆ ఏళ్లన్నీ ఆయనా అక్కయ్యా వంతులు వేసుకుని మేలుకొని ఉన్నారు కదా, ఒకరు లేచే వేళకు మరొకరు పడుకునేవారు. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ ఇద్దరినీ ఆ మెట్ల మీద ఒంటరిగా వదిలిపెట్టి రావాలని నాకు ఎంతగా అనిపించిందో... సరే, ఆ మాట తరువాత రాస్తాను, లేకపోతే అసలు సంగతి వెనకబడిపోతుంది.

మధ్యాహ్నం మళ్లీ దెమాచియనగి చేరాం. అక్కడే తకానో, కామో నదులు కలుస్తాయి. సంగమం దగ్గర నీళ్లకు అడ్డంగా తాబేలు ఆకారంలో పెద్ద పెద్ద రాళ్లు వేసి ఉంటాయి, పిల్లలూ పెద్దలూ వాటి మీద గెంతుతూ అవతలి ఒడ్డుకు పోతారు. గట్టున కూర్చుని రొట్టె తింటున్న ఒక కుర్రాడి చేతిలోంచి గద్ద దాన్ని తన్నుకుపోయింది, కాబట్టి చెల్లెమ్మ చేసి తెచ్చే పులిహోర పొట్లాలు ఆ చోట మాత్రం విప్పకూడదు. అక్కడినుంచి నది వెంబడే దక్షిణంగా నడుచుకుంటూ సాంజో వంతెన దగ్గరకు చేరేసరికి చీకటి పడుతోంది.

మిత్రమా, ఇప్పుడు జాగ్రత్తగా చదువు. సాంజో వంతెననుంచి షిజో వంతెన దాకా పడమటి గట్టున, నదికి ముఖం పెట్టి, జంటలు కూర్చుని ఉన్నాయి. ఒక్కొక్క జంటకూ మధ్య ఎడం ఎవరో కొలిచి గీత గీసినట్టు సమానంగా ఉంది. అది క్యోటోలో ప్రసిద్ధమైన విషయమేనని విని ఉన్నాను కానీ, కళ్లారా చూస్తే వేరు. మేము వంతెన మీదినుంచి చాలాసేపు గమనించాం. కొత్తగా ఒక జంట వస్తే, ఉన్న ఖాళీలలో అన్నిటికంటే పెద్దదాన్ని చూసుకుని సరిగ్గా దాని నడుమ కూర్చుంటుంది. ఇంకొక జంట వస్తే మరో ఖాళీ నడుమ చేరుతుంది. జనం పెరిగేకొద్దీ ఎడం తగ్గుతూ వచ్చింది కానీ, సమానత్వం మాత్రం చెడలేదు. అక్కడ బోర్డు లేదు, కాపలా లేదు, ఒకరితో ఒకరు మాట్లాడుకున్నదీ లేదు. పక్క జంట కనిపిస్తుంది కానీ వాళ్ల మాట వినిపించదు. ఎవరూ ఎవరినీ దాటిపోలేదు, ఎవరూ ఎవరినీ పట్టించుకోనట్టూ లేదు.

నీ చెల్లెలు కాసేపు మాటలేకుండా చూసి, “మన ఎనిమిది మందీ ఇలాగే కూర్చోవాలి” అంది. అంతే. ఇన్నాళ్లుగా నేను పట్టికలు వేసి, గంటలు విడదీసి, తేల్చలేకపోయినది ఆ ఒక్క మాటతో తేలిపోయింది. మన ప్రయాణమంతటికీ ఇదే సూత్రం కావాలి. కలిసి ఒకే వరుసలో ఉండాలి, జంటకూ జంటకూ మధ్య మాట వినపడనంత ఎడం ఉండాలి. మేమూ దిగి ఒక ఖాళీ చూసుకుని కూర్చున్నాం. ఏం మాట్లాడుకున్నామో ఉత్తరంలో రాసేది కాదు. ఇంటికి వచ్చాక అబ్బాయి, “అమ్మ ఎందుకిలా నవ్వుతోంది?” అని అడిగాడు.

ఆ సూత్రం పట్టుకుని మొత్తం ఏర్పాటు మళ్లీ చేశాను. మొదట రైలు సంగతి చూడు. టోక్యోనుంచి క్యోటోకు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైళ్లలో నొజోమి అనేది రెండుంబావు గంటల్లో చేరుస్తుంది. అందులో సాధారణ తరగతిలో సముద్రం వైపు మూడేసి సీట్లు, కొండ వైపు రెండేసి సీట్లు ఉంటాయి. నాలుగు జంటలకూ కొండ వైపు సీట్లు, ఒకదాని వెనక ఒకటిగా, నాలుగు వరుసల్లో తీసుకుంటాను. టిక్కెట్లు నెల ముందు ఉదయం పది గంటలకు తెరుస్తారు, ఆ క్షణానికే సిద్ధంగా ఉంటాను. ఫుజి పర్వతం కనిపించేదీ ఆ వైపే. మే నెలలో మబ్బు కమ్మితే కనిపించకపోవచ్చు, దానికి చెల్లెమ్మను ముందే సిద్ధం చెయ్యి. ప్రెసిడెంటు గారు అందరికీ ఏడు రోజులపాటు జపాను రైల్వే రైళ్లలో తిరిగే జేఆర్ పాసు కొనమంటున్నారు. 2023 అక్టోబరులో దాని ధర 29,650 యెన్‌లనుంచి 50,000 యెన్‌లకు పెరిగింది. టోక్యోనుంచి క్యోటోకు ఒకవైపు టిక్కెట్టు సుమారు 14,000 యెన్‌లే. మీరు టోక్యోలో దిగి ఒసాకా దగ్గరి కన్సాయి విమానాశ్రయంనుంచి తిరిగి వెళితే రానుపోను అవసరమే ఉండదు. ఈ లెక్క ఆయనకు నువ్వే చెప్పు, నీ మాట అయితే వింటారు.

పెట్టెల మాట కూడా చెప్పాలి. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ఆ రైలులో ప్రత్యేకంగా చోటున్న సీటు ముందే తీసుకోవాలి. అంతకంటే టోక్యో హోటల్లోనే తక్యూబిన్ అనే సామాను చేరవేసే వాళ్లకు ఇచ్చేస్తే మర్నాటికి క్యోటో హోటలుకు చేరుస్తారు, మనం తలా ఒక చిన్న సంచితో హాయిగా వెళ్లవచ్చు. మాగాయ జాడీ మాత్రం బావ చేతిలోనే ఉండాలని నా షరతు.

బస విషయంలో నేను గట్టిగా ఉన్నాను. క్యోటోలో మచియా అనే పాతకాలపు చెక్క ఇల్లు మొత్తం అద్దెకు తీసుకుందామని బావ ముచ్చటపడుతున్నాడు. ఆ ఇళ్లు చాలా అందమైనవే. కానీ గదులకు మధ్య జరిపే కాగితపు తలుపులు ఉంటాయి, ఇటు గుసగుసలాడితే అటు వినిపిస్తుంది. మనకు కావలసిన ఎడం అక్కడ దొరకదు. ఒకే హోటల్లో నాలుగు గదులు తీసుకుందాం, వీలైతే పక్కపక్కన కాకుండా.

తేదీలు మే రెండవ వారం పెట్టాను. చెర్రీ పూలంటూ మార్చి చివర వస్తే ఊపిరాడని జనం ఉంటారు. ఏప్రిల్ 29నుంచి మే 5 దాకా గోల్డెన్ వీక్ సెలవులు, అప్పుడు దేశమంతా రోడ్డు మీదే ఉంటుంది. ఆ తరువాత, జూన్ వానలకు ముందు ఉన్న ఆ కొద్ది వారాలే మనవి. మే 15న క్యోటోలో అఓయి ఉత్సవం జరుగుతుంది. సుమారు వెయ్యేళ్ల కిందటి హెయాన్ కాలపు దుస్తుల్లో ఐదువందల మందికి పైగా రాజప్రాసాదంనుంచి షిమోగామో, కామిగామో గుళ్ల దాకా ఊరేగుతారు. దానికి అందరం కలిసి నిలబడదాం. అప్పటికి కామో గట్టున భోజనశాలల వాళ్లు నది వైపు మంచెలు కూడా వేస్తారు, రాత్రి ఒక పూట ఎనిమిది మందిమీ అక్కడ తిందాం.

రోజు నడిచే తీరు ఇలా అనుకున్నాను. పొద్దుటి పూట అందరం కలిసి చూస్తాం, రెండు గంటలకు విడిపోతాం, రాత్రి ఏడింటికి భోజనం దగ్గర కలుస్తాం. మధ్యలో ఎవరు ఎక్కడికి వెళ్లారో ఎవరూ అడగకూడదు, ఫోను చేయకూడదు. ఇది నీ చెల్లెలు పెట్టిన నియమం, నాకు పూర్తిగా నచ్చింది. టోక్యోలో మాత్రం ఒక రోజంతా జంటలకే వదిలేస్తున్నాను. ప్రెసిడెంటు గారినీ ఆవిడనూ షింజుకులో రొమాన్స్‌కార్ రైలెక్కించి హకోనే పంపుతాను. గంటన్నరలోపే అక్కడి యుమోతో స్టేషను చేరతారు. అక్కడి వేడినీటి బుగ్గల్లో ఆడా మగా వేరువేరుగా, బట్టలు లేకుండా స్నానం చేస్తారు కనుక ఆవిడ జంకుతారు. గంట లెక్కన ఒక జంటకే తలుపు మూసి ఇచ్చే స్నానపు గది ఉన్న బసను చూసి ఉంచాను. బావనూ అక్కయ్యనూ యొకోహామాకు పంపాలని ఉంది. సాయంత్రం సముద్రం పక్కన కాస్మో క్లాక్ అనే పెద్ద జెయింట్ వీల్ 112.5 మీటర్ల ఎత్తుకు తీసుకుపోతుంది, గాజు గదిలో వాళ్లిద్దరే ఉంటారు. ఆ పైన ఎవరూ వాళ్లను పిలవలేరు, మందు వేళ అయిందని లేపలేరు.

నీకూ చెల్లెమ్మకూ క్యోటోలో ఒక మధ్యాహ్నం దాచాను. సగానోలో హోజు నది లోయ వెంబడి పాత రైలు పట్టా మీద నడిచే చిన్న రైలు ఉంది, ఏడు కిలోమీటర్ల పైచిలుకు దూరం ఇరవై అయిదు నిమిషాల్లో తాపీగా వెళుతుంది. దానికి ముందు తెన్ర్యూజి ఆలయంలో భోజనం చేయండి. జపాను వంటల్లో శాకాహారమని చెప్పినవాటిలో కూడా చాలాసార్లు చేపతో తీసిన రసం కలిసి ఉంటుంది, చెల్లెమ్మకు అది పెద్ద చిక్కు. ఆ ఆలయంలో పెట్టేది సన్యాసుల వంట, అందులో చేపా మాంసమూ చేరవు.

ఇనొకషిరా పార్కులో పడవ ఎక్కాలని చెల్లెమ్మ రాసిందని నీ చెల్లెలు చెప్పింది. ఆ చెరువులో పడవెక్కిన జంటలు విడిపోతాయని టోక్యోలో ఒక నమ్మిక ఉంది. అక్కడ కొలువైన బెంజైతెన్ దేవికి జంటలంటే అసూయ అంటారు. ఆ బెంజైతెన్ ఎవరో తెలుసా? మన సరస్వతే, బౌద్ధంతో పాటు ఇక్కడికి వచ్చిన తల్లి. “చదువుల తల్లికి అసూయ ఎందుకుంటుంది? ముందు గుడికి వెళ్లి దండం పెట్టుకుని, తరువాత నేనే వాళ్లను పడవ ఎక్కిస్తాను” అంటోంది నీ చెల్లెలు. నాకూ అదే సబబనిపించింది.

ఇంకా ఒసాకా సంగతి రాయనే లేదు. దోతొంబోరిలో అందరం కలిసి తిరగాలా, లేక ఉమెదాలో సూర్యాస్తమయానికి... అబ్బాయి గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడ్డాడు, వాడిని శిక్షణ తరగతికి దిగబెట్టే వేళయింది. వెంటనే రెండు పనులు చెయ్యి: మీ మూడు జంటల పాసుపోర్టుల గడువు తేదీలు చూడు, ప్రెసిడెంటు గారికి పాసు లెక్క చెప్పు. వీసాకు ఏ కాగితాలు కావాలో రేపు విడిగా రాస్తాను. చెల్లెమ్మకు నా ఆశీస్సులు, పిల్లలకు...

నీ నేస్తం