మెమో నర్సుకేనా?

సంపాదకులకు నమస్కారం.

ప్రభుత్వాసుపత్రుల్లో ఖాళీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ నిధుల దగ్గరో, నియామకాల జాప్యం దగ్గరో ఆగిపోతోంది. స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా పదవీ విరమణ చేసినదాన్ని కనుక, ఆ ఖాళీ అర్ధరాత్రి వార్డులో ఎలా ఉంటుందో చెప్పాలనిపించింది.

బోధనాసుపత్రుల్లో మూడు పడకలకు, ఇతర ఆసుపత్రుల్లో ఐదు పడకలకు ఒక నర్సు ఉండాలని, సెలవుల కోసం మరో 30 శాతం మంది కావాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణాలు చెబుతాయి. నలభై మందిని ఒక్కదాన్నే చూసుకున్న రాత్రులు నాకు చాలా ఉన్నాయి. ఒక మూల సెలైన్ అయిపోయిందని పిలుస్తారు, ఇంకో మూల ఆపరేషనయి వచ్చిన మనిషికి బీపీ పడిపోతుంటుంది, ఈలోగా మరొకరికి ఇంజెక్షన్ వేళ దాటిపోతుంది. ఎవరిని ఆగమనాలో ఆ క్షణాన తేల్చుకోవాల్సింది నేనే అయినా, ఎవరో ఒకరు ఆగక తప్పదన్నది మాత్రం పోస్టుల ఫైలు పక్కన పెట్టిన రోజునే ఖాయమైపోయింది. ఏదైనా జరిగితే మెమో నర్సుకే వస్తుంది, ఫైలుకు రాదు. (రోగి బంధువులే సెలైన్ సీసా మార్చడం నేర్చుకుంటున్నారు, అదీ పొదుపు కిందే జమ కాబోలు.)

తొమ్మిది ఐరోపా దేశాల్లో శస్త్రచికిత్స చేయించుకున్న నాలుగు లక్షల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2014లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనం, నర్సుకు ఒక్క రోగి అదనమైతే 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేల్చింది. డబ్బు లేదన్న జవాబూ చెల్లదు. ఆర్థిక ఇబ్బందుల పేరుతో వైద్యం అందించే రాజ్యాంగ బాధ్యతను ప్రభుత్వం తప్పించుకోజాలదని పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో సుప్రీంకోర్టు 1996లోనే స్పష్టం చేసింది.

రోగి తరఫున నర్సు నోరు విప్పాలంటారు, నిజమే. పర్మనెంటు ఉద్యోగినై ఉండి కూడా రిపోర్టు పుస్తకంలో ‘సిబ్బంది చాలరు’ అని రాయడానికి నాకు పదేళ్లు పట్టింది. ఏటా రెన్యువల్ కోసం ఎదురుచూసే కాంట్రాక్టు నర్సు ఆ మాట రాయగలదా?

ప్రతి వార్డు గుమ్మం దగ్గర ఆ షిఫ్టులో రోగులెందరో, నర్సులెందరో రాసిన బోర్డు పెట్టాలని, నర్సుకు మెమో ఇస్తే ఆనాటి ఆ లెక్కను దానికి జతచేయాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను.

— ఒక విశ్రాంత హెడ్ నర్సు, గుంటూరు