నీటి రంగులకు పెన్సిల్ గీత ఎందుకు?

సంపాదకులకు,

వేసవి శిబిరాలు మొదలైతే చాలు, పిల్లల బొమ్మలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు వస్తున్నాయి: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె, కొబ్బరిచెట్టు. ముందు పెన్సిల్‌తో గీయించి, గీత దాటకుండా రంగు నింపమంటున్నారు. అది క్రేయాన్లతో చేయించే పని. నీటి రంగులు పట్టిన పిల్లలు ముందు నేర్చుకోవాల్సింది నీళ్ల సంగతి. దానికి ఆకాశం, కొండ, నది అనే మూడు పట్టీలు చాలు. కృష్ణకు అవతలి ఒడ్డునున్న సీతానగరం ఘాట్ నుంచి ఇంద్రకీలాద్రి వైపు చూస్తే కనిపించేవీ అవే. గుడి, మెట్లు, బ్యారేజీ గేట్లు వేయనక్కర్లేదు.

పలుచటి డ్రాయింగ్ షీటు తడవగానే ఉబ్బుతుంది, రంగంతా గుంటల్లోకి చేరుతుంది. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) వాటర్‌కలర్ కాగితం ఖరీదే, కానీ ఏ4 షీటు సగం చేస్తే ఇద్దరికి వస్తుంది. నాలుగు అంచులా మాస్కింగ్ టేపుతో పరీక్ష అట్టకు అంటించాలి. రంగులు రెండే: అల్ట్రామెరైన్ బ్లూ (ముదురు నీలం), బర్న్ట్ సియెన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమ రంగు). కలిపితే బూడిద రంగూ వస్తుంది. పన్నెండు బిళ్లల పెట్టె చేతికిస్తే చివరికి మిగిలేది బురదే.

మన మే నెలలో బ్రష్ ముంచేలోపే కాగితం ఆరిపోతుంది. కాబట్టి రంగు చెంచాడైనా ముందే కలిపి పెట్టుకుని, ఫ్యాను ఆపి (పిల్లలు గోల చేస్తారు, తప్పదు) అప్పుడు కాగితం తడపాలి. అట్టను కంటి ఎత్తుకు లేపి పక్కనుంచి చూస్తే మెరుపు కనిపించాలి, నీళ్లు నిలవకూడదు. పైనుంచి నీలం వేసి అట్ట వంచితే రంగు తనే దిగుతుంది. ఇక ముట్టుకోకూడదు. ఆరీ ఆరని ఆకాశం మీద నీళ్లోడే బ్రష్ పెడితే, ఆ నీరు రంగును పక్కకు తోసి క్యాలీఫ్లవర్ అంచులాంటి మరక చేస్తుంది. అరచేతి వెనకవైపు ఆనిస్తే కాగితం చల్లగా ఉందా, ఇంకా ఆరలేదన్నమాట.

ఆరాక కొండ: చిక్కటి బూడిద రంగుతో, బ్రష్ పొట్ట ఆనించి ఒకే లాగుడు. నదికి బ్రష్‌ను గుడ్డకు అద్ది, అడ్డంగా చకచకా లాగితే గరుకు కాగితంలో తెల్లచుక్కలు మిగిలి నీటి మెరుపు వస్తుంది. తెల్ల రంగు అక్కర్లేదు.

పోటీలు పెట్టేవారికి మనవి: ఏ కాగితం ఇస్తారో ముందే ప్రకటించండి. గంట సమయంలో ఆరడానికే పావుగంట పోతుంది, అందుకని ఒక్కొక్కరికి రెండు ముక్కలివ్వండి. ఒకటి ఆరుతుండగా పిల్లలు రెండోది మొదలుపెడతారు.

— కొందరు చిత్రలేఖన ఉపాధ్యాయులు, విజయవాడ